నాలుగు రోజుల సంవత్సరం



కార్తీకమాసంలో రాత్రి ఎనిమిది గంటల వేళ, చేపల చెరువుల లైట్లు కంట్లో పడని చోటు చూసుకుని తల పైకెత్తండి. మన పెదపాడు మీద ఇంచుమించు నడినెత్తిన నాలుగు నక్షత్రాలు పెద్ద చతురస్రంగా నిలిచి ఉంటాయి. పడమటి వైపు రెండూ పూర్వాభాద్ర. తూర్పు వైపు రెండూ ఉత్తరాభాద్ర. పంచాంగంలో మనం చదువుకునే పేర్లే. పూర్వాభాద్రలోని రెండు నక్షత్రాలను కలుపుతూ ఒక గీత ఊహించుకోండి. ఆ గీతకు సుమారు మధ్యలో, కాస్త పడమరగా, సన్నగా మెరిసే చిన్న నక్షత్రం ఉంది. చీకటి దట్టంగా ఉంటే మామూలు కంటికే ఆనుతుంది. బైనాక్యులర్స్ ఉంటే తేలిగ్గా దొరుకుతుంది. ఖగోళ శాస్త్రజ్ఞులు దాన్ని 51 పెగాసీ అంటారు. అక్కడ బయలుదేరిన వెలుగు మన కంటికి చేరడానికి 50 ఏళ్ళు పడుతుంది.

ఆ నక్షత్రం మన సూర్యుడిలాంటిదే. దాని చుట్టూ ఒక గ్రహం తిరుగుతోంది. అది మన గురుగ్రహం జాతికి చెందిన వాయుగోళం. కాలు మోపడానికి నేల ఉండదు. హైడ్రోజన్, హీలియం వాయువుల మహారాశి. గురుడి బరువులో కనీసం సగం దాకా తూగుతుంది. ఈ రాత్రి దాని గురించీ, దాని తోటి గ్రహాల గురించీ, వాటిని తెలుసుకునే విద్యకూ మన కోస్తా తీరానికీ ఉన్న సంబంధం గురించీ మీతో మాట్లాడతాను.

గోదావరి పుష్కరాలు పన్నెండేళ్ళకోసారి ఎందుకు వస్తాయో మీకు తెలుసు. గురుడు సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి పుష్కరం. కన్యలో ప్రవేశించినప్పుడు కృష్ణకు. గురుడు సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి దాదాపు పన్నెండేళ్ళు పడుతుంది కాబట్టి ఒక నదికి మళ్ళీ పుష్కరం రావాలంటే అంతకాలం ఆగాలి. 51 పెగాసీ చుట్టూ తిరిగే గ్రహం ఆ చుట్టును నాలుగు రోజుల ఐదు గంటల్లో పూర్తి చేస్తుంది. అక్కడి సంవత్సరం అంతే. మన గురుడు సూర్యుడికి 78 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఈ గ్రహం తన నక్షత్రానికి 78 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. అంటే నూరో వంతు. మన బుధుడైనా సూర్యుడికి 5 కోట్ల 80 లక్షల కిలోమీటర్లు ఎడంగా ఉన్నాడు. అంత దగ్గర ఉన్నది కనుకనే ఆ గ్రహం వెయ్యి డిగ్రీల వేడిలో ఉడికిపోతోంది. ఇలాంటి వాటిని హాట్ జూపిటర్లు అంటారు. మనం వేడి గురుగ్రహాలు అందాం.

1995 అక్టోబరులో స్విట్జర్లాండుకు చెందిన మిషెల్ మేయర్, ఆయన శిష్యుడు డిడియే క్వెలోజ్ ఈ గ్రహాన్ని ప్రకటించారు. దక్షిణ ఫ్రాన్సులోని హోట్ ప్రోవాన్స్ వేధశాలలో 193 సెంటీమీటర్ల టెలిస్కోపుతో వాళ్ళు పనిచేశారు. సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని మనిషి కనిపెట్టడం అదే మొదటిసారి. 2019లో వాళ్ళిద్దరికీ భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

వాళ్ళు ఆ గ్రహాన్ని చూడలేదు. ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. నక్షత్రం వెలుగులో గ్రహం కనపడదు. వాళ్ళు చూసింది నక్షత్రం కదలికను. మన ఊళ్ళలో ఆడపిల్లలు ఒప్పులకుప్ప తిరుగుతారు కదా. పదహారేళ్ళ అమ్మాయి ఆరేళ్ళ చెల్లెలి చేతులు పట్టుకుని తిరిగితే, చెల్లెలు పెద్ద వలయంలో గిర్రున తిరుగుతుంది. అక్క కూడా ఉన్నచోటే చిన్న వలయం చుడుతుంది. చెల్లెలు చీకట్లో ఉండి కనపడకపోయినా, అక్క ఊగే తీరును బట్టి చేతులు పట్టుకున్న వాళ్ళెవరో ఉన్నారనీ, ఎంత బరువుంటారనీ, ఎంత వేగంగా తిరుగుతున్నారనీ లెక్క కట్టవచ్చు. 51 పెగాసీ నక్షత్రం నాలుగు రోజులకోసారి మన వైపు కొంచెం, అవతలి వైపు కొంచెం ఊగుతోంది. ఆ వేగం సెకనుకు 60 మీటర్ల లోపే. మనవైపు వచ్చేటప్పుడు, దాని వెలుగును రంగులుగా విప్పిన వర్ణపటంలోని నల్లగీతలు నీలం వైపు రవ్వంత జరుగుతాయి. దూరంగా పోయేటప్పుడు ఎరుపు వైపు జరుగుతాయి. 50 కాంతి సంవత్సరాల దూరం నుంచి వాళ్ళు ఆ రవ్వంత జరుగుబాటును కొలిచారు.

ఇంత పెద్ద గ్రహాన్ని అంతకు ముందే ఎందుకు కనిపెట్టలేదని మీరు అడగవచ్చు. పనిముట్లు లేక కొంత. అంతకంటే ఎక్కువగా, ఎవరూ ఆ చోట వెతకలేదు. మన సౌరకుటుంబంలో చిన్న రాతి గ్రహాలు సూర్యుడికి దగ్గరగా ఉన్నాయి. పెద్ద వాయుగ్రహాలు దూరంగా ఉన్నాయి. లోకమంతటా ఇదే అమరిక ఉండాలని అందరూ అనుకున్నారు. గురుడిలాంటి గ్రహం దొరకాలంటే పది పన్నెండేళ్ళ కొలతలు పోగుచెయ్యాలని ఓపికగా కూర్చున్నారు. ఆటో స్ట్రూవ్ అనే శాస్త్రజ్ఞుడు 1952లోనే ఒక చిన్న వ్యాసం రాశాడు. పెద్ద గ్రహాలు నక్షత్రాలకు బాగా దగ్గరగా తిరగకూడదన్న నియమమేదీ లేదనీ, అలాంటివి ఉంటే నక్షత్రం ఊగడం వల్లా, గ్రహం అడ్డువచ్చినప్పుడు వెలుగు తగ్గడం వల్లా పట్టుకోవచ్చనీ చెప్పాడు. నలభై మూడేళ్ళ పాటు ఆ వ్యాసాన్ని పట్టించుకున్నవాళ్ళు దాదాపు లేరు. 1995లో వార్త వచ్చిన కొద్ది రోజులకే అమెరికాలో జెఫ్రీ మార్సీ, పాల్ బట్లర్ తమ టెలిస్కోపు తిప్పి చూసి నిజమేనన్నారు. మన ఇంటి అమరికే లోకం అమరిక అనుకోవడం ఎంత నష్టమో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

స్ట్రూవ్ చెప్పిన రెండో మార్గం, వెలుగు తగ్గడం. గ్రహం తిరుగుతూ తిరుగుతూ సరిగ్గా మనకూ నక్షత్రానికీ మధ్యగా దాటితే, ఆ కాసేపు నక్షత్రం కాంతి కొద్దిగా తగ్గుతుంది. 1999 సెప్టెంబరులో డేవిడ్ షార్బొనో అనే పరిశోధక విద్యార్థి, పెగాసస్ రాశిలోనే ఉన్న హెచ్‌డి 209458 అనే నక్షత్రం మీద ఈ తగ్గుదలను పట్టుకున్నాడు. అదే రోజుల్లో గ్రెగరీ హెన్రీ అనే మరో శాస్త్రజ్ఞుడూ పట్టుకున్నాడు. మూడున్నర రోజులకోసారి ఆ నక్షత్రం వెలుగు నూటికి ఒకటిన్నర వంతు తగ్గి, దాదాపు మూడు గంటల తరవాత మళ్ళీ మామూలవుతోంది. ఎంత తగ్గిందో తెలిస్తే గ్రహం ఎంత పెద్దదో తెలుస్తుంది. గురుడి కంటే మూడో వంతు పైగా లావుగా తేలింది. బరువు మాత్రం గురుడి కంటే తక్కువ. వేడికి ఉబ్బిన గ్రహం అది. షార్బొనో వాడిన టెలిస్కోపు కటకం నాలుగు అంగుళాలు మాత్రమే.

ఇక్కడ మన తీరం కథలోకి వస్తుంది. ఒక గ్రహం తన సూర్యుడి ముఖం మీదుగా దాటడాన్ని శ్రద్ధగా కాలం కట్టి చూసిన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840లో విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించాడు. ఆయన 1856లో పోయాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని చేపట్టాడు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదులుకుని ఆకాశానికి అంకితమైన మనిషి. 1871లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1874 డిసెంబరు 9 ఉదయం శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా నల్లటి చుక్కగా దాటింది. దాన్ని ఆయన విశాఖలో ఆరంగుళాల టెలిస్కోపుతో పరిశీలించి ఆ సొసైటీకి నివేదిక పంపాడు. భూమికీ సూర్యుడికీ ఎంత దూరమో తేల్చడానికి ఆ రోజు ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు అదే చుక్కను చూస్తున్నారు. మద్రాసు వేధశాలలో చింతామణి రఘునాథాచారి జనానికి అర్థమయ్యేలా దాని మీద చిన్న పుస్తకమే రాసి అచ్చువేశాడు.

శుక్రుడు దాటినప్పుడు సూర్యుడి వెలుగు తగ్గేది వెయ్యింట ఒక వంతు. వేడి గురుగ్రహం తన నక్షత్రం వెలుగును తగ్గించేది నూటికి ఒకటిన్నర వంతు. విశాఖలోని టెలిస్కోపు 1999లో షార్బొనో చేతిలో ఉన్నదానికంటే పెద్దది. లేనిదల్లా వెలుగును అంకెల్లో కొలిచే ఎలక్ట్రానిక్ కెమెరా. పద్ధతి ఒకటే. గ్రహం నక్షత్రాన్ని దాటుతుంది, మనిషి గడియారం పట్టుకుని లెక్క రాస్తాడు. ఈ పద్ధతి మీద కెప్లర్, టెస్ అనే అంతరిక్ష టెలిస్కోపులు వేల గ్రహాలను కనిపెట్టాయి. 2025 సెప్టెంబరు నాటికి ఇతర నక్షత్రాల చుట్టూ నిర్ధారణ అయిన గ్రహాలు ఆరు వేలకు చేరాయి.

గ్రహం ఉందని తెలిసింది. అది దేనితో తయారైందో ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పే విద్యకు పురిటిగడ్డల్లో మన కృష్ణా, గుంటూరు ప్రాంతం ఒకటి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. చంద్రుడి నీడ గుంటూరు మీదుగా, మచిలీపట్నం మీదుగా సాగి బంగాళాఖాతంలోకి పోయింది. మచిలీపట్నం మన కొల్లేటికి దక్షిణంగా 50 కిలోమీటర్లు. ఫ్రాన్సు నుంచి పియరీ జాన్సన్ వచ్చి గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో బస చేశాడు. మేజర్ టెనంట్ నాయకత్వంలో ఇంగ్లీషువాళ్ళ బృందం కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నంలో, రఘునాథాచారి వనపర్తిలో మకాం వేశారు. అప్పటికి పదేళ్ళ లోపే జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ ఒక సంగతి తేల్చారు. ప్రతి మూలకానికీ వెలుగులో తనకంటూ కొన్ని గీతలుంటాయి, ఆ గీతలను బట్టి అది ఎంత దూరాన ఉన్నా గుర్తుపట్టవచ్చు. ఆ విద్యను సూర్యుడి అంచున ఎగసే జ్వాలల మీద ప్రయోగించడానికే వీళ్ళంతా వచ్చారు.

చీకటి ఐదు నిమిషాలకు పైగా నిలిచింది. సూర్యుడి అంచున మెరిసే గీతలు కనిపించాయి. అంటే ఆ జ్వాలలు కాగి మెరిసే వాయువని తేలింది. వాటిలో పసుపు రంగు గీత ఒకటుంది. సోడియం గీత ఉండే చోటనో, దాని దగ్గరనో ఉందని పోగ్సన్ రాసుకున్నాడు. జాన్సన్‌కు ఆ గీతలు ఎంత ప్రకాశంగా కనిపించాయంటే, గ్రహణం లేకుండానే వాటిని చూడవచ్చని తోచింది. మర్నాడు గుంటూరులోనే పట్టపగలు చూసి రుజువు చేశాడు. ఆ అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా విడిగా అదే పద్ధతిలో చూసి, ఆ పసుపు గీత సోడియానిది కాదని గమనించాడు. భూమి మీద ఎవరూ ఎరగని మూలకమని నిర్ణయించి హీలియం అని పేరు పెట్టారు. అది భూమి మీద దొరికింది 1895లో, విలియం రామ్సే ప్రయోగశాలలో. ఒక పదార్థం మన చేతికి చిక్కక ముందే, 15 కోట్ల కిలోమీటర్ల అవతల ఉన్నదని వెలుగు చెప్పింది.

ఇప్పుడు నూట యాభై ఏళ్ళు ముందుకు రండి. 2018లో జెస్సికా స్పేక్ అనే యువ శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు హబుల్ టెలిస్కోపుతో వాస్ప్ 107బి అనే గ్రహాన్ని చూశారు. చిత్తా నక్షత్రం ఉన్న కన్యారాశిలో, 200 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాదాపు గురుడంత పెద్దది. బరువు మాత్రం గురుడిలో పదో వంతు. అది నక్షత్రం ముందు దాటేటప్పుడు, నక్షత్రం వెలుగులో కొంత ఆ గ్రహం చుట్టూ ఉన్న వాయువుల గుండా వడకట్టుకుని మనకు చేరుతుంది. ఆ వెలుగులో హీలియం గీత ఉంది. ఇతర నక్షత్రాల గ్రహాల మీద హీలియం కనపడటం అదే ప్రథమం. నక్షత్రం ధాటికి ఆ గ్రహం వాయువులు అంతరిక్షంలోకి ఆవిరై పోతున్నాయని కూడా తెలిసింది. అదే ఏడాది హెచ్‌డి 189733బి అనే వేడి గురుగ్రహం మీద కూడా హీలియం కనిపించింది. గుంటూరులో, మచిలీపట్నంలో 1868లో మొదలైన జాడ సరిగ్గా 150 ఏళ్ళకు పరాయి లోకాల దాకా చేరింది. ఈ సంగతి మన బడి పిల్లలందరికీ తెలియాలని నా కోరిక.

వెలుగును విప్పి చదివితే ఆ గ్రహాల వాతావరణం కూడా తెలుస్తోంది. నక్షత్రానికి అంత దగ్గరగా ఉండటం వల్ల, దాని గురుత్వం పట్టుకు ఇవి ఎప్పుడూ ఒకే ముఖం నక్షత్రం వైపు తిప్పి ఉంటాయి. ఒక సగానికి ఎడతెగని పగలు. రెండో సగానికి తెల్లవారని రాత్రి. పగటి వైపు కాగిన వాయువు రాత్రి వైపు పరుగెడుతుంది. హెచ్‌డి 189733బి మీద గాలులు గంటకు కొన్ని వేల కిలోమీటర్ల వేగంతో వీస్తాయి. మన తీరాన్ని ధ్వంసం చేసిన 1977 నవంబరు దివిసీమ ఉప్పెన నాటి గాలులు గంటకు 200 కిలోమీటర్ల పైచిలుకు. ఆ గ్రహం రంగు ముదురు నీలమని 2013లో హబుల్ చెప్పింది. అది నీళ్ళ నీలం కాదు. గాలిలో తేలే సన్నటి ఇసుక జాతి రేణువులు నీలపు వెలుగును చెదరగొట్టడం వల్ల వచ్చిన రంగు అంటారు.

మీనరాశిలోని వాస్ప్ 76బి మీద పగటి వైపు 2,400 డిగ్రీల వేడి. ఇనుము అక్కడ ఆవిరి. ఆ ఇనుపావిరి గాలికి కొట్టుకుపోయి రాత్రి వైపు చల్లబడి ఇనుప చినుకులుగా కురుస్తుందని 2020లో పరిశీలకులు లెక్క తేల్చారు. కెల్ట్ 9బి మీద పగటి వైపు 4,300 డిగ్రీలు. చాలా నక్షత్రాల ఉపరితలం కూడా అంత వేడి ఉండదు. వాస్ప్ 12బి తన నక్షత్రాన్ని 26 గంటల్లో చుట్టేస్తుంది. నక్షత్రం లాగే లాగుడుకు కోడిగుడ్డు ఆకారానికి సాగిపోయింది. దాని చుట్టుకాలం ఏడాదికి సెకనులో 29 వేయోవంతులు తగ్గుతోంది. సుమారు 30 లక్షల ఏళ్ళలో నక్షత్రంలో పడి అంతమైపోతుంది. 2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు వాస్ప్ 39బి మీద కార్బన్ డయాక్సైడ్‌ను సందేహానికి తావు లేకుండా చూపించింది. 700 కాంతి సంవత్సరాల దూరంలోని గాలిలో, మనం ఊపిరితో వదిలే వాయువు.

ఇలా చదివే పనిలో మనవాళ్ళూ ఉన్నారు. మన దేశంలో పుట్టి ఇప్పుడు కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉన్న నిక్కు మధుసూదన్, అమెరికాలో పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు సారా సీగర్‌తో కలిసి 2009లో ఒక గణిత పద్ధతి రూపొందించారు. గ్రహం నుంచి వచ్చిన ఆ కొద్దిపాటి వెలుగు నుంచి అక్కడి ఉష్ణోగ్రతలూ, వాయువుల పాళ్ళూ వెనక్కి రాబట్టే పద్ధతి అది. ఈ రంగంలో ఇప్పుడు అందరూ నడిచే దారి అదే. రాజస్థాన్‌లోని మౌంట్ అబూ మీద, గురుశిఖర్‌లో, అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబరేటరీ వారి 1.2 మీటర్ల టెలిస్కోపు ఉంది. దానికి పారస్ అనే వర్ణపట యంత్రాన్ని అభిజిత్ చక్రవర్తి నాయకత్వంలో మన దేశంలోనే తయారుచేసి అమర్చారు. 2021లో ఆ బృందం టిఓఐ 1789బి అనే వేడి గురుగ్రహాన్ని ప్రకటించింది. అక్కడి సంవత్సరం మూడు రోజుల పైచిలుకు. నక్షత్రం ఊగడాన్ని కొలిచే విద్య మన గడ్డ మీద మన చేతులతో చేసిన యంత్రానికి పట్టుబడింది.

ఇంకొక వేడి గురుగ్రహానికి మన దేశమే పేరు పెట్టింది. 2019లో అంతర్జాతీయ ఖగోళ సంఘం తన నూరేళ్ళ పండగకు ప్రతి దేశానికీ ఒక నక్షత్రాన్నీ, దాని గ్రహాన్నీ అప్పగించి పేర్లు పెట్టమంది. విద్యార్థులు పంపిన పేర్లలోంచి ఓట్లు వేసి ఎన్నుకున్నారు. మనకు వచ్చిన నక్షత్రం మఖకు దక్షిణంగా, 340 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దానికి బిభా అని పేరు. విశ్వకిరణాల మీద పరిశోధించిన శాస్త్రవేత్త బిభా చౌధురి స్మరణకు. దాని గ్రహం సంతమస. గురుడికి ఒకటిన్నర రెట్లు బరువు. రెండు రోజులకో సంవత్సరం.

ఇంతకీ అంత పెద్ద గ్రహాలు అంత దగ్గరికి ఎలా వచ్చాయి? అక్కడే పుట్టడం కష్టం. నక్షత్రం పుట్టినప్పుడు చుట్టూ వాయువూ ధూళీ కలిసిన పెద్ద చక్రం ఉంటుంది. దగ్గర్లో వేడికి మంచు నిలవదు. దూరంగా మంచు గడ్డకట్టే చోటనే పెద్ద ముద్దలు తయారై, తమ గురుత్వంతో హైడ్రోజన్‌ను, హీలియంను కూడగట్టుకుంటాయి. అలా దూరాన పుట్టిన గ్రహం ఆ చక్రంతో పెనుగులాడి క్రమంగా లోపలికి జారి ఉండవచ్చు. లేదా తోటి గ్రహం గురుత్వం తోసెయ్యగా బాగా సాగిన కోలకక్ష్యలో పడి, నక్షత్రం సమీపానికి వచ్చిన ప్రతిసారీ శక్తి కోల్పోయి, చివరకు చిన్న వలయంలో స్థిరపడి ఉండవచ్చు. 2009లో కనిపెట్టిన వాస్ప్ 17బి తన నక్షత్రం ఆత్మభ్రమణానికి ఎదురు దిక్కున తిరుగుతోంది. ఒకప్పుడు పెద్ద కుదుపు జరిగిందనడానికి అది సాక్ష్యం. రెండు దారుల్లోనూ వచ్చినవి ఉన్నాయని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

సూర్యుడిలాంటి నక్షత్రాలు నూరు చూస్తే వేడి గురుగ్రహం ఒకదానికి ఉండటమే గొప్ప. దాని పక్కన చిన్న గ్రహాలు కనిపించడం మరీ అరుదు. భారీ గ్రహం లోపలికి వచ్చే దారిలో చిన్నవాటిని చెల్లాచెదురు చేసి ఉంటుంది. మన గురుడు అలా రాలేదు. 78 కోట్ల కిలోమీటర్ల దూరంలో నిలిచాడు. అందువల్ల భూమి సూర్యుడికి సరైన ఎడంలో, నీళ్ళు నీళ్ళుగా ఉండే చోట నిలిచింది. తమ్మిలేరు, బుడమేరు పారి కొల్లేరు నిండటానికీ, ఆటపాకకు గూడబాతులు రావడానికీ, మన చేలలో సార్వా పంట కోతకు రావడానికీ వెనక ఆ అమరిక ఉంది. పరాయి లోకాలను చూసిన కొద్దీ ఈ నేల విలువ నాకు పెరుగుతూ వచ్చింది. ఆ అమరిక అన్ని చోట్లా ఉంటుందనుకున్న రోజుల్లో దాన్ని అదృష్టమని ఎవరూ అనలేదు.

ఆకాశాన్ని చూసే ఒక అవకాశాన్ని మనం ఇంతకు ముందు జారవిడుచుకున్నాం. 1980 ఫిబ్రవరి 16న తెలంగాణ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వెళ్ళింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్ రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు యంత్రాలు బిగించి చూశారు. ఆ వేళ మన పట్టణాల్లో, పల్లెల్లో చాలామంది తలుపులు బిడాయించుకుని ఇళ్ళలో కూర్చున్నారు. కంటికి హాని అన్న భయంలో నిజం ఉంది. కానీ కన్నును కాపాడుకుంటూ చూసే మార్గం ఎవరో ఒకరు ముందే చూపించి ఉంటే, అంత గొప్ప దృశ్యం అన్ని ఇళ్ళ తలుపుల బయట ఉండిపోయేది కాదు. అలాంటి సందర్భం ఒకటి మళ్ళీ రాబోతోంది. అందుకు వ్యవధి ఉండగానే సిద్ధం కావాలని అడుగుతున్నాను.

2032 నవంబరు 13, శనివారం. ఆ రోజు బుధగ్రహం సూర్యుడి ముఖం మీదుగా దాటుతుంది. మన దేశ కాలం ప్రకారం మధ్యాహ్నం 12 గంటల 11 నిమిషాల ప్రాంతంలో మొదలై, సాయంత్రం నాలుగున్నర దాటాక ముగుస్తుంది. మొదటి నుంచి చివరి దాకా పెదపాడులోనూ, ఏలూరులోనూ, తాడేపల్లిగూడెంలోనూ సూర్యుడు ఆకాశంలోనే ఉంటాడు. వేల గ్రహాలను పట్టిచ్చిన పద్ధతి మన కళ్ళ ముందే జరుగుతుంది. బుధుడు సూర్యబింబం అడ్డుకొలతలో 190వ వంతు మాత్రమే కనుక వట్టి కంటికి ఆనడు, పైగా సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు. చిన్న టెలిస్కోపు నుంచి సూర్యబింబాన్ని తెల్ల కాగితం మీద పడేటట్టు చేస్తే, బడిలో పిల్లలందరూ గుండ్రంగా నిలబడి చూడవచ్చు.

ఇప్పుడు చిన్న తరగతులు చదువుతున్న పిల్లలు అప్పటికి హైస్కూలు పైతరగతుల్లో ఉంటారు. ప్రతి మండలంలో ఒక బడికైనా మూడు, నాలుగు అంగుళాల టెలిస్కోపు ఒకటి సమకూర్చండి. పంచాయతీలు, పూర్వ విద్యార్థులు, చెరువుల రైతులు తలా కొంత వేసుకుంటే అది అందని వస్తువు కాదు. ఈ లోగా ఉపాధ్యాయులు పాత సీడీ ముక్క, అట్టపెట్టె, సన్నటి చీలికతో వర్ణపట పెట్టె చేయించి ట్యూబులైటు వెలుగులో రంగు గీతలు చూపించండి. జాన్సన్ గుంటూరులో సూర్యుడి జ్వాలల్లో చూసినవీ, స్పేక్ వాస్ప్ 107బి వెలుగులో చదివినవీ అలాంటి గీతలే. ఆ రోజు బుధుడి చుక్క సూర్యుడి అంచు తాకిన క్షణాన్ని మన పిల్లలు సొంత చేత్తో, గడియారం చూసి, సెకనుతో సహా రాయాలి. విశాఖలో నరసింగరావుగారు 1874లో చేసిన పని అదే. తెలుగు పిల్లల చేతికి ఆ పని మళ్ళీ రావాలి.